బొంత కొనే బయటి మనిషి

మా అత్తమ్మ కుట్టిన బొంత కప్పుకోని చుట్టం మాకు లేడు. దానికి ఒక్క రూపాయి ఇచ్చిన చుట్టమూ లేడు. మర్పల్లి నుంచి తాండూరు దాకా ఎవరింట్లో పసిబిడ్డ పుట్టినా, ఎవరికి చలిజ్వరం వచ్చినా, ఎవరింటికి కొత్త అల్లుడొచ్చినా అందరికీ ముందుగా గుర్తొచ్చేది ఆమే. పాత చీరలు ఒక సంచిలో కుక్కి పంపిస్తారు. కొందరు ఆ చీరలు కూడా పంపరు, "నీ తాన ఉంటయి గద" అంటారు. వికారాబాద్‌లో మా ఇంటి ముందుగదిలో, బండల మీద చీరలు పొరలు పొరలుగా పరిచి, నాలుగు మూలలా బరువు పెట్టి, పెద్ద సూది పట్టుకుని కూర్చుంటుంది అత్తమ్మ. అంచు దగ్గర మొదలుపెట్టి వరుస వెంట వరుస కుట్టుకుంటూ మధ్యకు వస్తుంది. ఒక్కో బొంతకు వారాలు పడుతుంది. తీసుకుపోయేవాళ్లు టీ తాగి, "మస్తు మెత్తగున్నది అత్తా" అని పొగిడి, చంకన పెట్టుకుని వెళ్లిపోతారు.

ఒక నిశ్చితార్థం భోజనాల దగ్గర చుట్టాల్లో ఒకావిడ నాతో మాట్లాడుతూ, "మీ అత్తకేం ఫికర్? తినుడు, కూసొని బొంతలు కుట్టుడు. మంచి టైంపాస్" అంది. అత్తమ్మ పక్కనే ఉంది. పెరుగన్నం కూడా తినకుండా లేచింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "టైంపాసట" అంది. చేతులు కడుక్కుంటూ ఇంకోసారి అంది. చివరికి నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఇగ సూడు బిడ్డా. ఇగ నేను బొంతలు అమ్ముత. మనోళ్లకు గాదు. మనోళ్లు గానోళ్లు ఒక్కరు నా బొంతను పైసలిచ్చి కొనాలె. ఒక్కరంటె ఒక్కరు. అప్పుడు దెలుస్తది గిది పనో, టైంపాసో."

కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ రాలనివ్వలేదు. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఆమె ఏదైనా తనకోసం అడగడం నేను వినలేదు. ఆ బయటి మనిషిని ఎక్కడున్నా పట్టుకొస్తానని అప్పటికప్పుడే మాటిచ్చేశాను. నాకు ఓపిక తక్కువ, తెలివి ఎక్కువ అని నా నమ్మకం. మొదటిదాన్ని ఇంట్లో అందరూ ఒప్పుకుంటారు.

అదే ముందుగదిలో నేను చీరలకు ఫాల్స్, పీకో చేస్తాను. నా వ్యాపారానికి బోర్డు కూడా లేదు, గుమ్మానికి వేలాడే చీరలే బోర్డు. బొంతకు అలా కుదరదు. గుమ్మానికి బొంత వేలాడదీస్తే ఎండకు వేశారనుకుంటారు. మా ఆయన తాండూరులో బండలు పాలిష్ పట్టే ఒక ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాడు, రోజూ రైల్లో పోయి వస్తాడు. రైల్లో నలుగురినీ అడిగి సలహా తెచ్చాడు: "పైసలు పెట్టి అడ్వటైజ్‌మెంట్ ఇచ్చుడెందుకు? ఫోన్ల ఫ్రీగ అయ్యేటివి మస్తున్నయట. ఒకటి మంచిది సూసి పట్టుకో."

మంచిది ఏదో తెలియాలంటే అన్నీ పట్టుకోవాలి కదా. నాలుగు యాప్‌లలో ఖాతాలు తెరిచాను. వాటి పేర్లు అత్తమ్మకు నోరు తిరగలేదు. తన దారపు ఉండలను పిలిచినట్టే వాటినీ రంగులతో పిలిచింది. పాత స్నేహితులూ పుట్టినరోజులూ ఉండేది నీలిది. పెద్ద వీడియోలది ఎర్రది. పొద్దున్నే పూల బొమ్మలతో గుడ్ మార్నింగులు వచ్చేది, స్టేటస్‌లు పెట్టుకునేది పచ్చది. పాటలతో ఫొటోలు మెరిసిపోయేది గులాబిది. నేనూ ఆ పేర్లకే అలవాటు పడ్డాను.

మొదట నీలిదాంట్లో బొంత ఫొటో పెట్టాను. నాతో డిగ్రీ చదివినవాళ్లంతా అందులోనే ఉన్నారు, వాళ్లూ రాత్రిళ్లు ఏదో ఒకటి కప్పుకుని పడుకునేవాళ్లే కదా అనుకున్నాను. ఒకాయన ఏం చూశాడో ఏమో, బొంత కింద "జన్మదిన శుభాకాంక్షలు" అని రాశాడు. ఆయన రాశాడంటే నిజమే అయ్యుంటుందని ఇంకొకామె కేకు బొమ్మ పెట్టింది. సాయంత్రానికి మా బొంత నిండు నూరేళ్లు ఆయురారోగ్యాలతో ఉండాలని ఊరంతా దీవించింది. కొంటామని మాత్రం ఎవరూ అనలేదు.

ఎర్రదానికి వీడియో కావాలి. అత్తమ్మ షరతులు పెట్టింది: మొహం కనబడొద్దు, చేతులే కనబడాలి, చేతులు కనబడతాయి కాబట్టి గాజులు మార్చుకోవాలి. గాజులు మార్చుకుని వచ్చి, సూది పట్టుకుని, ఫోన్‌కేసి చూస్తూ "అందరు మంచిగున్నరా?" అని అడిగి, జవాబు కోసం ఆగింది. ఆ ఆగడం తీసేయడం నాకు చేతకాలేదు. మధ్యలో కుక్కర్ కూత కూడా వచ్చింది. అయినా వీడియో బాగానే చూశారు. ఒకాయన శ్రద్ధగా చూసినట్టున్నాడు, మెసేజ్ పెట్టాడు: "ఆ కింద నేల బండలు ఎక్కడివండీ?" తాండూరువి అని చెప్పాను. కొత్త ఇంటికి అవే వేయించుకుంటానన్నాడు. మా ఆయన నంబరు తీసుకుని, వాళ్ల ఫ్యాక్టరీకి ఒక లారీ లోడు ఆర్డరిచ్చాడు. ఆ వారం ఇంట్లో ఎర్రదాన్ని మెచ్చుకున్నది మా ఆయన ఒక్కడే.

"బొంతను సూపిస్తె బండలు గొంటరా!" అంది అత్తమ్మ. కోపమో నవ్వో నాకు అర్థం కాలేదు, కానీ ఆ తర్వాత వీడియోలకు గాజులు మార్చుకోలేదు.

గులాబిది ఇంకో లోకం. అక్కడ బొంత ఊరికే పడుకుని ఉంటే ఎవరూ చూడరు, పాటకు తగ్గట్టు విప్పుకోవాలి, మడుచుకోవాలి. నేను ఒక చివర పట్టుకుని గిరగిరా తిరిగాను. ఎక్కడెక్కడి వాళ్లో ఎర్రగుండె బొమ్మలు కురిపించారు. "ధర ఎంత అండీ?" అని ఇన్‌బాక్సులోకి వచ్చేవాళ్లు. నేను సంతోషంగా చెప్పేదాన్ని. చెప్పగానే మనిషి మాయం. అన్ని మర్యాదలూ పలికి, ధర వినగానే గోడలోకి కలిసిపోయే ఆ విద్య ఎక్కడ నేర్పుతారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక పచ్చది. దాంట్లో స్టేటస్ పెట్టిన గంటలోనే ఆర్డర్లు మొదలయ్యాయి. నేను ఎగిరి గంతేశాను. తర్వాత పేర్లు చూసుకున్నాను. మేనత్త కూతురు, ఆడబిడ్డ తోటికోడలు, పెద్దేముల్ బావగారి భార్య. "అత్తా, నాకొకటి గిట్లాంటిదే" అని ఒకరు. "పైసలిస్త లే వదినా" అని ఇంకొకరు, పక్కన పగలబడి నవ్వే బొమ్మ. ఉచితంగా దొరికే చోట సరుకు పెడితే ఉచితంగా అడిగేవాళ్లే వస్తారేమోనని అనుమానం వచ్చింది. అత్తమ్మకు అనుమానమే లేదు. "పచ్చదాంట్ల అంత మనోళ్లే. దాన్ని బంద్ జెయ్యి" అంది.

నేను వినలేదు. మనవాళ్లు చూస్తే వాళ్ల పక్కింటివాళ్లు చూస్తారు, పక్కింటివాళ్లు మనవాళ్లు కాదు కదా అని నా లెక్క. అప్పుడే పూర్తయిన బొంత ఒకటి ఉంది, అత్తమ్మ తన సొంత చీరలతో కుట్టుకున్నది. అంతకు ముందు అంత అందమైన బొంత ఆమె చేతిలోంచి రాలేదు. మధ్యలో వంకాయరంగు చీర, చుట్టూ ఆవరంగు, మూలల్లో ఎరుపు. వెలుతురు పడేలా గుమ్మం దగ్గర పరిచి, దగ్గర్నుంచి, దూరం నుంచి ఫొటోలు తీసి, అన్నీ స్టేటస్‌లో పెట్టేశాను. ఆ పని మా వైపు పుట్టి పెరిగినదాన్నై ఉండి ఎలా చేశానో!

మా దగ్గర శుభకార్యానికి పిలిస్తే చీర పెడతారు. పెట్టిన చీర కట్టుకోవాలని ఏమీ లేదు. బీరువాలో దాచి, ఇంకో శుభకార్యంలో ఇంకొకరికి పెట్టేస్తారు. మా గృహప్రవేశానికి మా అమ్మ పెట్టిన చిలకపచ్చ చీర దోమ అనే ఊరికి పోయి, అక్కణ్నుంచి పరిగి తిరిగి, మడత విప్పకుండా మళ్లీ మా అమ్మ ఒళ్లోకే వచ్చింది. ఆమె ఏమీ ఎరగనట్టు బొట్టు పెట్టించుకుని తీసుకుంది. ఇదంతా అందరికీ తెలుసు, ఎవరూ ఎవరినీ అడగరు. ఒక్కటే కట్టుబాటు: ఆ చీర ఏమైందో పెట్టినవాళ్ల కంట పడకూడదు. నేను దాన్ని చుట్టాలందరి ఫోన్లలో, దగ్గర్నుంచీ దూరం నుంచీ, వెలుతురు పడేలా చూపించాను.

మొదటి ఫోన్ చిన్నత్తమ్మది. అత్తమ్మకు ఉన్నది ఒక్క చెల్లెలు, తాండూరులో ఉంటుంది. అత్తింటివాళ్లు కర్ణాటక సరిహద్దు వాళ్లు కావడంతో కోపమొస్తే కన్నడంలోకి దిగుతుంది.

"గా వంకాయరంగు చీర నేను వెట్టింది" అంది, పలకరింపు కూడా లేకుండా. "నా బిడ్డ పెండ్లికి దుకాన్లన్ని తిరిగి మా అక్క కోసం ఏరి తెచ్చిన. నేను వెట్టిన చీరను కోసి, బొంత జేసి, బజార్ల అమ్ముతున్నరా?"

ఆ తర్వాత కన్నడం. అది దీవెన కాదని మాత్రం తెలిసింది. ఫోన్ పెట్టేసింది.

ఆ రోజు నుంచి చుట్టాలంతా మా ఫొటోలను పెద్దవి చేసి చూడడం మొదలుపెట్టారు. "గా మూలకున్న ఎర్రంచు మాదేనా?" అని ఒకరు. "పసుపు పూలది మా అమ్మ వెట్టింది గదనే!" అని ఇంకొకరు. పాత స్టేటస్‌లు దాచుకున్నవాళ్లు అవి కూడా తవ్వి తీశారు. ఏళ్లుగా మాటల్లేని ఇద్దరు వదినామరదళ్లు ఒక అంచు ఎవరిదో తేల్చడానికి ఫోన్లో మాట్లాడుకుని కలిసిపోయారు. మా స్టేటస్‌ను అంతమంది ఎన్నడూ చూడలేదు. కానీ బొంత కుట్టమని చీరలిచ్చిన పక్కవీధి ఆవిడ వచ్చి సంచి వెనక్కి తీసుకుపోయింది. "మా అత్తగారు గూడ మీ స్టేటస్‌లు సూస్తదమ్మా" అంది దిగులుగా.

అత్తమ్మ సూది ఆపలేదు. కుడుతూనే అందుకుంది.

"కోసిన్రట! బొంతకు చీర కోస్తరా ఎవరన్న? మడత వెడ్తరు." ఇంకో వరుస కుట్టింది. "కొత్త చీర బొంతకు పనికి రాదు బిడ్డా. గంజి ఉంటది, బిర్రుగుంటది, సూది దిగదు. కట్టి కట్టి, ఉతికి ఉతికి మెత్తగైతెనే బొంతల వడ్తది. పెట్టిన చీర నచ్చకుంటె ఇంకొకరికి పెడ్తరు. నచ్చిన చీరనే కడ్తరు. గా వంకాయరంగుది నేను ఎన్నేండ్లు కట్టిన్నో దానికేం తెలుసు?"

"గదే చెప్పు అత్తమ్మా చిన్నత్తమ్మకు. ఫోన్ కలుపుత."

"నేనేం తప్పు జేసిన? అది అడగాలె. అడగకుండనే తిట్టింది."

స్టేటస్‌లో వివరంగా రాసి పెడతానన్నాను. "అక్కచెల్లెండ్ల ముచ్చట ఫోన్ల వెడ్తవా?" అని కసిరింది. రోజూ మధ్యాహ్నం అక్కాచెల్లెళ్లిద్దరూ ఏ కూర వండారో చెప్పుకునే వేళకు ఫోన్ మోగేది. అది ఆగిపోయింది. ఆ వేళకు అత్తమ్మ ఫోన్‌ను తన పక్కకు జరుపుకునేది, చూడనట్టే చూసేది. బయటి మనిషిని తెస్తానని పోయి లోపలి మనిషిని పోగొట్టానని నాకు చాలా బాధేసింది.

పచ్చదాన్ని మూసేశాను. నీలిదాంట్లో సగం చుట్టాలే, అదీ మూసేశాను. ఎర్రదాన్ని మా ఆయనకు వదిలేశాను, ఆయన అక్కడ బండలు చూపించుకుంటున్నాడు. మిగిలింది గులాబిది. అందులో మా చుట్టాలు ఒక్కరు కూడా లేరని నాకు గట్టి నమ్మకం. ఏది మంచిదో ఎంచుకోవడానికి అందరూ ఏవేవో చూస్తారట. మేము మాత్రం చిన్నత్తమ్మకు కనబడనిది ఎంచుకున్నాం.

అమ్మకానికి ఉన్నది ఆ ఒక్క బొంతే. ఆ గొడవ తర్వాత కొత్తగా చీరలు ఇచ్చినవాళ్లూ లేరు. ఈసారి గిరగిరా తిరగలేదు, పాట పెట్టలేదు. మామూలుగా ఫొటో తీసి, అత్తమ్మ చెప్పిందే నాకు చేతనైనట్టు కింద రాశాను: "ఇందులోని చీరలన్నీ కట్టి కట్టి మెత్తబడ్డవి. కొయ్యలేదు, మడతపెట్టి కుట్టాం. కట్టని చీర మా బొంతలోకి రాదు." గుండె బొమ్మలు తక్కువే వచ్చాయి. ఇక ఫాల్స్ కుట్టుకోవడమే నాకు రాసిపెట్టి ఉందనుకున్నాను.

కొన్నాళ్లకు తామరపువ్వు బొమ్మతో ఉన్న ఖాతా నుంచి మెసేజ్ వచ్చింది. "ధర?" అంతే. అండీ కూడా లేదు. చెప్పాను, మాయమవడం కోసం చూశాను. మాయం కాలేదు. "సరే. తాండూరులో ఇవ్వాలి. డబ్బులు చేతికే ఇస్తాం" అని వచ్చింది. బేరం లేదు, నవ్వే బొమ్మ లేదు, తగ్గించమని బతిమాలడం లేదు. మన చుట్టాల్లో ఇలాంటి మనిషి లేదని నేను అత్తమ్మకు ఖాయంగా చెప్పాను.

"నిజంగ బయటోళ్లేనా?" అని అడిగింది.

"పక్కా బయటోళ్లు. బేరం గూడ చెయ్యలే."

అత్తమ్మ మొహం వెలిగిపోయింది. మా ఆయన రోజూ తాండూరు పోతాడు కదా, ఆయన చేతికిచ్చి పంపుదామన్నాను. ఒప్పుకోలేదు. "నా బొంత కొన్నోళ్ల మొహం నేను సూడాలె" అంది. బొంతను ఇంకోసారి ఎండకు వేసి, దులిపి, తెల్ల గుడ్డలో కట్టింది. కొత్తగా గంజి పెట్టిన చీర కట్టుకుని, పెళ్లికి పోయినట్టు తయారైంది. రైల్లో మూటను పైన పెట్టనివ్వలేదు, ఒళ్లోనే పెట్టుకుంది. ఎదుటి సీటులో కూర్చున్నామె ఏముందని అడిగితే, "ఆర్డరు" అంది అత్తమ్మ. ఆ మాట అనడానికి ఎన్నాళ్ల నుంచి ఎదురుచూసిందో ఆమె గొంతులో తెలిసింది.

తాండూరు స్టేషన్ బయట, ఆటోలు ఆగే దగ్గర నిలబడతామని ఆ ఖాతా వాళ్లు రాశారు. మేము బయటికొచ్చి చూశాం. అక్కడ మనవరాలి చెయ్యి పట్టుకుని చిన్నత్తమ్మ నిలబడి ఉంది. అనుకోకుండా ఎదురుపడిందేమో అనుకున్నాను. ఆ పిల్ల ఫోన్ ఎత్తి నాకు చూపించింది. తెర మీద తామరపువ్వు.

అత్తమ్మ అడుగు ఆగిపోయింది. మొహంలో వెలుగు పోయింది, అది నేను కళ్లారా చూశాను. "నువ్వా" అంది. "నేను బయటోళ్లు గొన్నరనుకున్న."

"బయటిదాన్నే" అంది చిన్నత్తమ్మ. "బేరం గూడ చెయ్యలే."

"ఫోన్ జేస్తె ఇయ్యనా నీకు? తీస్కపో. పైసలెందుకు?"

"గందుకే ఫోన్ జెయ్యలే. ఇన్నేండ్ల సంది నీ బొంతలు ఊరికెనే కప్పుకున్న. నా పిల్లలు కప్పుకున్నరు, వాళ్ల పిల్లలు కప్పుకున్నరు. నీ చెల్లెననుకుంటె నువ్వు పైసలు తీస్కోవు."

అని మూట విప్పింది, అక్కడే, ఆటోలవాళ్లు చూస్తుండగా. వంకాయరంగు చీర మీద చెయ్యి వేసి నిమిరింది. ఆ రంగు కొన్నిచోట్ల బూడిదరంగుకు తిరిగిపోయింది, అంచు జరీ నల్లబడి దారాలు తేలాయి.

"కోసినవని తిట్టిన. మల్ల ఈ పిల్ల గీ ఫొటో సూపిచ్చి, కింద రాసింది సదివింది. పెద్దగ జేసి సూసిన. రంగు ఇంత పొయ్యిందంటె ఎంత కట్టినవో అనుకున్న." గొంతు సవరించుకుంది. "నా బిడ్డ పెండ్లిల మస్తు మందికి చీరలు వెట్టిన అక్కా. కట్టుకున్నది నువ్వొక్కదానివే."

డబ్బులు అక్క చేతిలో పెట్టి వేళ్లు మూసింది. అత్తమ్మ వద్దనలేదు. చెంగున ముడి వేసుకుంది. కళ్లనిండా నీళ్లున్నాయి, ఈసారి రాలనిచ్చింది. ఏడుస్తూనే, దుకాణదారులు కొత్తవాళ్లకు చెప్పినట్టు గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది.

"వేడినీళ్లల్ల నానవెట్టొద్దు. పిండొద్దు. బండకేసి అసలే కొట్టొద్దు. నీడకు ఆరెయ్యాలె. ఒక్క వరుస ఊడినా ఇంటికి తేవాలె, నేనే కుట్టి ఇస్త."

చిన్నత్తమ్మ కూడా ఏడుస్తూ, ఒక్కోదానికీ "సరేనమ్మా" అంటూ అన్నీ విన్నది.